మేం పంపిన జ్వరం లెక్క మాకు తిరిగి రావాలి

వినతిపత్రం

గౌరవనీయులు వైద్య ఆరోగ్య శాఖ మంత్రివర్యుల సముఖమునకు,
ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం, అమరావతి.

సమర్పించువారు: పాడేరు ఏజెన్సీ 11 మండలాల హెల్త్ అసిస్టెంట్లు, ఏఎన్‌ఎంలు, ఆశా కార్యకర్తలు, ల్యాబ్ టెక్నీషియన్లు; వీరికి లెక్కల్లో సాయపడుతున్న డిగ్రీ కాలేజీ గణాంక శాస్త్ర అధ్యాపకులు.

విషయం: మలేరియా తదితర జ్వరాల రాకను ముందే అంచనా కట్టడానికి క్షేత్ర సిబ్బంది, వైద్యులు, గణాంక నిపుణులు, వాతావరణ శాఖ కలిసి పనిచేసే ఉమ్మడి కేంద్రం కోరుతూ.

అయ్యా,

మా వాళ్లు వినతిపత్రం పట్టుకొచ్చారంటే పీఆర్సీ గురించో, బదిలీల గురించో, ఆశాల పారితోషికం గురించో అయి ఉంటుందని తమరి పేషీలో అనుకోవడం సహజం. ఆ కాగితాలు వేరే ఉన్నాయి, వాటి దారి వాటిదే. ఈ కాగితం జ్వరం లెక్క గురించి.

ఏడాది పొడుగునా మేం గాజు పలకల మీద రక్తపు చుక్కలు తీస్తాం. ఫారాలు నింపుతాం. సిగ్నల్ అందే గట్టు దాకా ఎక్కి ఫోన్‌లో వివరాలు ఎక్కిస్తాం. అదంతా సబ్‌సెంటర్ నుంచి పీహెచ్‌సీకి, అక్కణ్నుంచి జిల్లాకి, జిల్లా నుంచి రాష్ట్రానికి పోతుంది. పైనుంచి మాకు తిరిగి వచ్చేది ఒకటే మాట: “మీ టార్గెట్‌లో ఇంకా ఇన్ని స్లైడ్లు మిగిలాయి.” వచ్చే నెలలో ఏ గెడ్డ పక్క గూడేల్లో జ్వరం లేస్తుందో, మందు ముందు ఎక్కడ కొట్టాలో, పరీక్ష కిట్లు ఎన్ని దగ్గర పెట్టుకోవాలో ఇంతవరకూ ఒక్కసారి కూడా రాలేదు. అది రావాలన్నదే మా కోరిక.

ఒక గూడెం సంగతి మనవి చేసుకుంటాం. పేరు రాయడం లేదు. రాస్తే అక్కడి ఏఎన్‌ఎంకి మెమో వస్తుంది. ఇరవై రెండు ఇళ్లు, నూటపది మంది జనం, పక్కనే గెడ్డ. అక్కడ హెల్త్ అసిస్టెంట్ పోస్టు పద్దెనిమిది నెలలు ఖాళీగా ఉంది. పక్క సబ్‌సెంటర్ మనిషికి ఇన్‌ఛార్జి ఇచ్చారు. ఆయనకి తన ఊళ్లే పద్నాలుగు. కొండ దిగి, గెడ్డ దాటి అక్కడికి వెళ్లేసరికి సగం రోజు పోతుంది కాబట్టి నెలకొకసారి రిపోర్టులో ‘నిల్’ అని రాసి పంపేవాడు. స్ప్రే జాబితా తయారయ్యేది గడిచిన ఏళ్ల కేసుల్ని బట్టి. ఆ గూడెంలో కేసులు సున్నా, అందుకని జాబితాలోంచి పేరు ఎగిరిపోయింది.

ఆ పద్దెనిమిది నెలలూ గడిచాక, ఆగస్టులో తొమ్మిదేళ్ల పిల్లకి చలిజ్వరం వచ్చింది. ఆశా దగ్గర కిట్లు అయిపోయి మూడు వారాలైంది. ఉంగరపు వేలు తుడిచి, పొడిచి, ఒకే గాజు పలక మీద ఒక పక్క మందంగా, ఒక పక్క పలచగా రక్తం పూసి, పలచటి పూత మీద పెన్సిల్‌తో నంబరు రాసి, ఆరాక పాత నోటుపుస్తకం కాగితంలో చుట్టి, మధ్యాహ్నం ఆర్టీసీ బస్సు కండక్టర్ చేతికిచ్చింది. పందొమ్మిది రోజులకి జవాబు వచ్చింది: పి.ఎఫ్. అంటే ఫాల్సిపారమ్, మెదడుకెక్కే రకం. ఆ జవాబు వచ్చేసరికి పిల్లని డోలీలో మోసుకెళ్లి ఆస్పత్రిలో పడుకోబెట్టి, బతికించి, ఇంటికి తెచ్చుకోవడం కూడా అయిపోయింది. గూడెంలో మరో నలుగురు మూలుగుతున్నారు. సెప్టెంబర్‌లో స్ప్రే జట్టు వచ్చింది. మందు కొట్టిన తొమ్మిదో రోజున కొత్తల పండక్కని ఇళ్లన్నీ ఎర్రమట్టితో అలికేశారు. గోడ మీది మందు మట్టి కిందికి పోయింది.

ఇందులో ఎవరి తప్పూ పెద్దగా లేదు, అదే మాకు ఎక్కువ బాధ. పోస్టు ఖాళీ కాబట్టి స్లైడ్ లేదు. స్లైడ్ లేదు కాబట్టి కేసు లేదు. కేసు లేదు కాబట్టి మందు లేదు. రిజిస్టర్ తిరగేస్తే ఆ పద్దెనిమిది నెలలూ ఆ గూడెం ఏజెన్సీలోకెల్లా ఆరోగ్యంగా ఉన్న ఊరు. ‘జ్వరం లేదు’ అన్నదీ ‘ఎవరూ చూడలేదు’ అన్నదీ మన ఫారంలో ఒకే గడిలో, ఒకే సున్నాగా పడుతున్నాయి. లెక్కలు తెలిసినవాడు ఎవడైనా ముందు అడిగేది ఎంతమందిని పరీక్షించారన్నది. ఆ ప్రశ్న అడిగే కుర్చీ మన వ్యవస్థలో లేదు.

ఇంకో చిక్కుంది. వెయ్యి మంది జనానికి ఏడాదిలో ఎన్ని కేసులన్నది ఏపీఐ. నూటపది మంది ఉన్న గూడెంలో ఒక్కరికి మలేరియా తేలితే ఏపీఐ తొమ్మిది దాటుతుంది, ఎర్ర రంగు పడుతుంది. మరుసటి ఏడాది ఎవరికీ రాకపోతే సున్నా, పచ్చ రంగు. ఆ గెడ్డలో నీళ్లు మారలేదు, దోమ మారలేదు, రంగు మాత్రం మారింది. చిన్న ఊరి లెక్క ఇలాగే ఊగుతుంది. దాన్ని ఒంటరిగా చూడకుండా అదే గెడ్డ మీదున్న పది గూడేలతో, వానతో, ఎత్తుతో, నిరుడు దోమతెరలు అందాయా లేదా అన్న దానితో కలిపి చూస్తే ఊగడం తగ్గి అసలు విషయం తేలుతుంది. మా బృందంలోని గణాంక మాస్టారు మూడు మండలాల పాత రిజిస్టర్లు ముందేసుకుని దీన్ని కాగితం మీద చేసి చూపించారు. దానికి ఆయనకి కావలసి వచ్చినవి ఒక లాప్‌టాప్, రెండు వేసవి సెలవులు, మా వాళ్ల చేతిరాత చదవగలిగే ఓపిక.

ఈ విద్య మన నేలకి కొత్తదేమీ కాదు. 1897 ఆగస్టు 20న రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా పురుగు జాడ పట్టుకున్నది సికింద్రాబాద్‌లోనే. బేగంపేటలో ఆ భవనం ఇంకా ఉంది, ఏటా ఆ రోజున దోమల దినమని మనమూ ర్యాలీ తీస్తాం. దానికే ఆయనకి 1902లో నోబెల్ వచ్చింది. తర్వాత రాస్ చేసిన పని గురించి మాత్రం ర్యాలీలో ఎవరూ చెప్పరు. ఆయనకి లెక్కల పిచ్చి. దోమలెన్ని, మనుషులెందరు, ఎన్ని కాట్లు, ఎన్నాళ్లకి నయమవుతుంది అని సమీకరణాలు కట్టి, మలేరియాని ఆపడానికి దోమ జాతినంతా చంపనక్కర్లేదని, ఒక గీత కిందికి దించితే చాలు జబ్బు తనంతట తనే సన్నగిల్లుతుందని రాశాడు. 1950లలో జార్జ్ మెక్‌డొనాల్డ్ ఆ లెక్కని ముందుకి తీసుకెళ్లి, దోమల సంఖ్య కన్నా దోమ ఆయుష్షు ముఖ్యమని తేల్చాడు. రక్తం తాగిన దోమలో మలేరియా పురుగు పక్వానికి రావడానికి పది పన్నెండు రోజులు పడుతుంది. అప్పటిదాకా బతికిన ముసలి దోమే జబ్బు మోస్తుంది. రక్తం తాగి గోడ మీద వాలిన దోమకి అక్కడ మందు తగిలితే ఆ వయసు దాకా రాదు. మేం గోడలకి మందు కొట్టడం వెనక ఉన్నది ఈ లెక్కే.

అదే 1897లో బొంబాయి ప్లేగు కోసం అంటువ్యాధుల చట్టం పుట్టింది. తర్వాత భారత వైద్య సర్వీసులో పనిచేసిన మెక్‌కెండ్రిక్ అనే డాక్టరు, కెర్మాక్‌తో కలిసి 1927లో రాసిన పరిశోధనలో 1905–06 నాటి బొంబాయి ప్లేగు మరణాలనే ఉదాహరణగా తీసుకున్నాడు. ఈనాటికీ ప్రపంచంలో ఎవరు అంటువ్యాధి మోడల్ కట్టినా ఆ పరిశోధన దగ్గరే మొదలుపెడతారు. ఆ అంకెలు మన దేశంలో శవాలు లెక్కపెట్టిన గుమాస్తాలవి. చట్టం నూట పాతికేళ్లుగా వాడుకుంటున్నాం, లెక్కని వాడుకోలేదు.

తుపాను విషయంలో ఇదే రాష్ట్రం ఏం చేసిందో తమరికి మేం చెప్పనక్కర్లేదు. 1977 నవంబర్ 19 రాత్రి దివిసీమలో వేలమంది ఉప్పెనలో కొట్టుకుపోయారు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ విశాఖ మీద పడే సమయానికి తీరం ఊళ్లు ముందే ఖాళీ అయి ఉన్నాయి. మధ్యలో జరిగిందేమిటి? వాతావరణ శాఖ ఒక్క మోడల్‌ని నమ్ముకోవడం మానేసి నాలుగైదు మోడళ్లు పక్కపక్కన పెట్టి చూడటం నేర్చుకుంది. తుపాను ఇక్కడే తాకుతుందని ఒక చుక్క పెట్టకుండా, ఈ మేర లోపల ఎక్కడైనా తాకవచ్చని విప్పారిన బాటని గీసి చూపించడం నేర్చుకుంది. అన్నిటికీ మించి, ఆ కబురు భీమిలి మత్స్యకారుడి ఫోన్ దాకా, పంచాయతీ మైకు దాకా దిగింది. గీత కాస్త అటూ ఇటూ అయిందని ఎవరూ కేంద్రం మూసెయ్యమనలేదు. మా ప్రాంతంలో వానలు పడ్డ నెలా రెండు నెలలకి జ్వరం లేస్తుందని ఏ ఆశాని అడిగినా చెబుతుంది. తుపానుకి నాలుగైదు రోజుల ముందు కబురు చాలునంటాం. జ్వరానికి మనకి నెల రోజుల వ్యవధి ఉంది, కబురు పంపేవాళ్లే లేరు.

మోడళ్లంటే కోవిడ్ రోజులు గుర్తొచ్చి తమరు జంకితే అందుకు కారణం ఉంది. ఐఐటీ హైదరాబాద్ ఆచార్యులు విద్యాసాగర్ అధ్యక్షతన కేంద్రం వేసిన కమిటీ 2020 అక్టోబర్‌లో, ఉధృతి దాటిపోయిందని, జాగ్రత్తలు పాటిస్తే వచ్చే ఫిబ్రవరికల్లా అదుపులోకి వస్తుందని చెప్పింది. 2021 మే మొదటి వారంలో దేశంలో రోజుకి నాలుగు లక్షల కేసులు దాటాయి. మేం ఆ పండితుల్ని తప్పుపట్టడం లేదు. ఆక్సిజన్ సిలిండర్ కోసం పాడేరు నుంచి నర్సీపట్నం దాకా తిరిగినవాళ్లం మాలోనే ఉన్నాం, అయినా తప్పుపట్టడం లేదు. వైరస్ రూపు మార్చుకుంటే పాత అంకెలతో కట్టిన లెక్క తప్పుతుంది. మా అభ్యంతరమల్లా దేశమంతటికీ ఒకే లెక్క పెద్ద గొంతుతో వినిపించడం, దానికి ఎదురు లెక్క చెప్పేవాళ్లకి అదే వేదిక మీద చోటు లేకపోవడం.

అమెరికాలో అదే 2020లో మసాచుసెట్స్ విశ్వవిద్యాలయంలోని ఒక బృందం వేరే దారి పట్టింది. పదుల కొద్దీ బృందాలు ప్రతి వారం తమ అంచనాల్ని ఒకే రూపంలో ఒకే చోట పెట్టాయి. వాటన్నిటినీ కలిపి ఉమ్మడి అంచనా తీశారు, తర్వాతి వారాల్లో నిజంగా వచ్చిన అంకెలతో ప్రతి బృందాన్నీ సరిచూసి అందరికీ కనబడేలా పెట్టారు. విడివిడిగా ఏ బృందాన్ని తీసుకున్నా ఒక వారం మెరిసింది, ఒక వారం బోర్లా పడింది. ఉమ్మడి అంచనా మాత్రం నికరంగా నిలబడింది. కేసులు ఉన్నట్టుండి పైకి లేచే మలుపుల్ని అదీ చాలాసార్లు పట్టలేకపోయింది, ఆ సంగతీ వాళ్లే రాసుకున్నారు. మన దగ్గరా కలిసి పనిచేసిన దాఖలా ఉంది. 2020లో హైదరాబాద్ సీసీఎంబీ, ఐఐసీటీ శాస్త్రవేత్తలు మురుగునీటి శుద్ధి కేంద్రాల నీటిని పరీక్షించి, నగర జనాభాలో దాదాపు 6.6 శాతం మందికి వైరస్ సోకి ఉంటుందని అంచనా కట్టారు. ఆస్పత్రికి రానివాళ్ల లెక్క మురుగు కాలవలో దొరికింది. జీవశాస్త్రం, రసాయన శాస్త్రం, లెక్కలు, మురుగు కేంద్రం ఉద్యోగి ఒకచోట చేరితే తప్ప అది కుదిరే పని కాదు.

మా మాట ఇక్కడే. ఆ ఒకచోట చేరే వాళ్లలో మేం కూడా ఉండాలి. కంప్యూటర్ ముందున్న మనిషికి తెలియనివీ, తెలిస్తే లెక్క మారిపోయేవీ మా దగ్గర చాలా ఉన్నాయి. పోడు పంట చేతికొచ్చే రోజుల్లో మగవాళ్లు రాత్రిళ్లు మంచె మీదే పడుకుంటారు, దోమతెర ఇంట్లో ఉంటుంది. తెరలిచ్చాం కాబట్టి ఊరు భద్రమని కాగితం అంటుంది. ఆ తెరకీ మూడేళ్లే ఆయుష్షు, ఆ తర్వాత అది కోళ్లగంప మీద కప్పే గుడ్డ. దేవుడి గదిలో మందు కొట్టనివ్వరు. మందు కొడితే నల్లులు పెరుగుతున్నాయని కొన్ని ఊళ్లలో తలుపే తియ్యరు. పండగ ముందు గోడలు అలుకుతారని పైన చెప్పాం. ఏ ఊళ్లో ఏ పండగ ఎప్పుడో మాకు నోటికొచ్చు, స్ప్రే క్యాలెండర్‌కి తెలియదు. వైవాక్స్ రకం జ్వరానికి పద్నాలుగు రోజులు ప్రైమాక్విన్ మింగాలి. నాలుగో రోజుకి జ్వరం తగ్గితే మాత్రలు ఆపేస్తారు. కాలేయంలో దాక్కున్న పురుగు నెలల తర్వాత లేచి మళ్లీ జ్వరం తెస్తుంది. అప్పుడు పడిన కేసు ఈ ఏటి దోమ పనో, నిరుటి మాత్రల పనో మోడల్‌కి ఎవరు చెప్పాలి? మాత్రలు చివరిదాకా మింగించిన ఆశా చెప్పాలి. ఆమెని అడిగే గడి ఏ ఫారంలోనూ లేదు.

ఈ నేపథ్యంలో మా కోరికలు.

అన్నిటికన్నా ముందు, విశాఖలో ఒక ఉమ్మడి వ్యాధి అంచనా కేంద్రం కావాలి. కొత్త భవనం అడగడం లేదు. ప్రజారోగ్య విభాగం, ఆంధ్రా మెడికల్ కాలేజీ, ఆంధ్రా విశ్వవిద్యాలయం గణాంక శాస్త్ర విభాగం, విశాఖ తుపాను హెచ్చరిక కేంద్రం, ఉపగ్రహ చిత్రాల కోసం హైదరాబాద్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం, వీళ్లందరినీ వారానికొకసారి ఒక బల్ల చుట్టూ కూర్చోబెట్టే ఉత్తర్వు, దానికి శాశ్వతంగా జీతమిచ్చే కొద్దిమంది సిబ్బంది చాలు. ఆ బల్ల దగ్గర ప్రతి సమీకృత గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ) నుంచి ఒక ఏఎన్‌ఎంకీ ఒక ఆశాకీ ఓటు హక్కుతో కుర్చీ ఉండాలి. ‘ప్రత్యేక ఆహ్వానితులు’ అనొద్దు; ఆహ్వానితులకి టీ వస్తుంది, మాట రాదు. వాళ్లు పోగొట్టుకునే రోజు కూలీ, ప్రయాణపు ఖర్చూ ఇవ్వాలి. కేంద్రం ఎప్పుడూ నడుస్తూ ఉండాలన్నది కూడా ముఖ్యం. 2003 జూన్, ఆగస్టు నెలల మధ్య ఉమ్మడి రాష్ట్రంలో చాందీపుర వైరస్ మెదడువాపు 329 మంది పిల్లలకి వచ్చి, 183 మందిని పొట్టనబెట్టుకుంది. ఎక్కువమంది జబ్బు కనబడిన ఒకటి రెండు రోజుల్లోనే పోయారు. అలాంటిది వచ్చాక కమిటీ వేసి, కమిటీకి గది వెతికి, గదికి ఇంటర్నెట్ పెట్టించేసరికి ఆ జబ్బు తన పని ముగించుకుని పోతుంది.

రెండోది ఫారాల సంగతి. 2004లో సమగ్ర వ్యాధి నిఘా కార్యక్రమం (ఐడీఎస్‌పీ) వచ్చిన దగ్గర్నుంచి ఎస్, పి, ఎల్ ఫారాలు నింపుతున్నాం, ఇప్పుడవి ఐహెచ్‌ఐపీ పోర్టల్లోకి ఎక్కుతున్నాయి. కొత్త ఫారం ఇంకొకటి ఇవ్వొద్దని చేతులెత్తి వేడుకుంటున్నాం. ఉన్నదాంట్లోనే ప్రతి కేసుకీ మూడు తేదీలు విడిగా పడాలి: జ్వరం మొదలైన రోజు, రక్తం తీసిన రోజు, ఫలితం వచ్చిన రోజు. మన దగ్గర ఇప్పుడు చాలాచోట్ల కేసు తేదీ అంటే ఫలితం వచ్చిన తేదీ. పైన చెప్పిన పిల్ల జ్వరం ఆగస్టుది, రికార్డులో సెప్టెంబర్‌ది. అలాంటి తేదీలతో ఎంత గొప్ప మోడల్ కట్టినా అది చెప్పేది బస్సు ఎంత ఆలస్యంగా నడిచిందన్నదే. అలాగే ‘నిల్’ అన్న మాటకి పక్కన ‘ఎంతమందిని చూశాం’ అన్న అంకె లేకపోతే ఆ నిల్‌ని పోర్టల్ తీసుకోకూడదు.

మూడోది, మాకు తిరిగి రావలసిన కాగితం. ప్రతి శుక్రవారం ప్రతి సబ్‌సెంటర్‌కీ ఒకే పేజీ, తెలుగులో. వచ్చే నాలుగు వారాల్లో మీ పరిధిలో జ్వరాలు పెరిగే అవకాశం పదింట ఎన్ని పాళ్లు. ఏ గూడేలు ముందు చూడాలి. కిట్లు, మాత్రలు ఎన్ని సిద్ధం పెట్టుకోవాలి. పోయిన నెల మేం చెప్పింది ఎంత నిజమైంది. వాన కబురు ఎలా చెబుతారో అలాగే. గ్రాఫులు వద్దు. కువి, ఆదివాసీ ఒడియా మాట్లాడే ఊళ్లకి అదే విషయం గొంతు రికార్డుగా పంపితే ఆశా ఫోన్‌లో సంతలో వినిపిస్తుంది. సంతలో విన్న మాట మూడు కొండలు దాటుతుంది, మా పోస్టర్ పీహెచ్‌సీ గోడ దాటదు.

లెక్క ఒక్కరి చేతిలో పెట్టొద్దన్నది నాలుగోది. కనీసం మూడు నాలుగు బృందాలు విడివిడిగా అంచనాలు ఇవ్వాలి, వాటి మధ్య తేడా ఎంతో దాచకుండా చూపాలి, తప్పినవి తప్పాయని అదే చోట రాయాలి. ఏదైనా ప్రైవేటు కంపెనీ తన సాఫ్ట్‌వేర్ లోపల ఏముందో చెప్పనంటే దాని అంచనా మాకొద్దు. ఎంత రంగురంగుల డ్యాష్‌బోర్డ్ అయినా సరే.

ఐదోది సరిహద్దు. ముంచింగిపుట్టు అవతల ఒడిశా. మన జనం ఒనకడిల్లి సంతకి వెళ్తారు, అక్కడివాళ్లు ఇక్కడికి కూలికి వస్తారు, మాచ్‌ఖండ్ నది మీద దోమకి ఏ చెక్‌పోస్టూ లేదు. ఒడిశా 2017 నుంచి ‘దమన్’ పేరుతో మారుమూల ఊళ్లలో జ్వరం ఉన్నా లేకున్నా అందరినీ పరీక్షించి, బయటికి లక్షణాలు లేకుండా పురుగుని మోస్తున్నవాళ్లకి కూడా మందిచ్చింది. అక్కడ కేసులు బాగా తగ్గాయి. ఛత్తీస్‌గఢ్ 2020లో బస్తర్‌లో అలాంటిదే మొదలుపెట్టింది. వాళ్ల బ్లాకుల అంకెలు మాకూ, మా మండలాల అంకెలు వాళ్లకీ వారం వారం అందేలా ఒడిశా, ఛత్తీస్‌గఢ్, తెలంగాణ ప్రభుత్వాలతో తమరి స్థాయిలో ఒక అవగాహన కుదరాలి. ఇప్పుడు ఆ సమాచారం మాకు తెలిసే మార్గం ఒకటే: అవతలి ఒడ్డు ఆశా మా ఏఎన్‌ఎంకి దూరపు చుట్టం.

ఆరోది కాస్త మొహమాటంగానే రాస్తున్నాం. అంచనాలో ఎక్కువ కేసులు చూపినందుకు ఎవరికీ మెమో ఇవ్వకూడదు. తక్కువ చూపిందని పోస్టులు ఎత్తెయ్యకూడదు. 2027కల్లా స్థానిక మలేరియా సున్నా కావాలని, 2030కి నిర్మూలన అయిందనిపించుకోవాలని దేశం లక్ష్యం పెట్టుకుంది, మంచిదే. లక్ష్యం దగ్గరపడే కొద్దీ కేసు దొరకబుచ్చుకున్నవాడిని తిట్టే అలవాటు కూడా పెరుగుతోంది. సున్నా కావాలని పైనుంచి గట్టిగా అడిగితే సున్నా వస్తుంది. ఎలా వస్తుందో పైన గూడెం కథలో చెప్పాం.

గోప్యత విషయం ఒక్క మాటలో: ఇరవై రెండు ఇళ్ల ఊళ్లో పేరు తీసేసినా ‘తొమ్మిదేళ్ల ఆడపిల్ల’ అంటే ఎవరో అందరికీ తెలుస్తుంది. 2023 నాటి వ్యక్తిగత డిజిటల్ సమాచార రక్షణ చట్టాన్ని ఊరి స్థాయి లెక్కలకి ఎలా వర్తింపజేస్తారో ముందే రాతపూర్వకంగా ఇవ్వండి. బయట పెట్టేది సబ్‌సెంటర్ స్థాయి మొత్తాలే కావాలి.

చివరిగా, ఇవన్నీ చేసి ల్యాబ్‌లో మనిషి లేకపోతే దండగ. ఖాళీగా ఉన్న టెక్నీషియన్ పోస్టులు నింపండి, మైక్రోస్కోపులు బాగుచేయించండి, వానలకి ముందే కిట్లు కొండెక్కించండి. ఏ మోడల్ అయినా తినేది మేం వండిందే.

మా వంతు మేమూ చెబుతున్నాం. పాడేరు 11 మండలాల్లో ఒక్క వానాకాలం దీన్ని ప్రయోగంగా నడపండి. మూడు తేదీలూ తప్పకుండా రాస్తాం. ఊరూరి పండగలు, సంతలు, పోడు రాత్రులు, కూలికి వెళ్లే నెలలు అన్నీ ఒక క్యాలెండర్‌గా రాసి ఇస్తాం. సగం ఇప్పటికే రాశాం. గత ఐదేళ్ల రిజిస్టర్లు కంప్యూటర్లోకి ఎక్కించడానికి కాలేజీ పిల్లలు సిద్ధంగా ఉన్నారు. కేంద్రం ఇచ్చిన అంచనా తప్పితే, ఎక్కడ తప్పిందో మేం వెళ్లి చూసి చెబుతాం. మొదటి శుక్రవారం కాగితం వానలకి ముందొచ్చే ఇటుకల పండుగ లోపల మా చేతికి వస్తే, మొదటి విడత స్ప్రే జాబితా దాన్ని చూసే వేసుకుంటాం. అంతకన్నా ఆలస్యమైతే ఈ ఏడు కూడా నిరుటి జాబితాతోనే మందు మోసుకెళ్లాలి.

ఇట్లు,
తమ విధేయులు,
పాడేరు ఏజెన్సీ క్షేత్ర ఆరోగ్య సిబ్బంది, గణాంక అధ్యాపకులు.

ప్రతులు: ప్రజారోగ్య సంచాలకులు, ఐటీడీఏ ప్రాజెక్టు అధికారి, పాడేరు, జిల్లా మలేరియా అధికారి.

జత: పైన చెప్పిన గూడెం పద్దెనిమిది నెలల రిపోర్టుల నకళ్లు, ఊరి పేరు కొట్టేసి. పద్దెనిమిదింటిలోనూ ‘నిల్’ అనే ఉంది.